పద్నాలుగు దిమ్మలు

"తలుపు తియ్యరా! తియ్యకపోతే పక్కింటివాళ్ళని పిలిచి పగలగొట్టిస్తాను. నా సంగతి నీకు తెలుసు."

పెద్దావిడ అరచేత్తో తలుపు బాదుతోంది. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో ఆమెకే గుర్తు లేదు. లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది. అంతే, మళ్ళీ ఏమీ లేదు.

వీధి తలుపు నెట్టుకుని కోడలు లోపలికి వచ్చింది. సాయంత్రం ఆరు దాటితే గాని పని నుంచి రాని మనిషి, రెండున్నరకే వచ్చేసింది. చెప్పులు కూడా విప్పలేదు. భుజాన ఉన్న సంచీని రెండు చేతులతో పొట్టకు అదుముకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వచ్చావా? నువ్వన్నా పిలువు. తల్లి మాటకి దిక్కు లేదు, పెళ్ళాం మాటకైనా పలుకుతాడేమో," అంది పెద్దావిడ. "రేపు పదింటికి ఆస్పత్రిలో విచారణ. సంజాయిషీ రాసుకుంటున్నాడట. ఏం రాస్తున్నావురా నాయనా అంటే ఉలుకూ లేదు, పలుకూ లేదు. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

"పిచ్చుక ఏదత్తయ్యా?"

"ఎక్కడికి పోతుంది? పెరటి గుమ్మంలో. పొద్దున మళ్ళీ బట్టలన్నీ తడిసిపోయాయి. గుడ్డ గట్టిగా బిగించి కట్టాను. ఏం లాభం? బిడ్డ పోయిందని పాలకి ఎవరు చెబుతారే?"

ఆ మాట అని పెద్దావిడ తలుపుకే ఆనుకుని కింద కూలబడింది.

బిడ్డ పోయి తొమ్మిది రోజులు. నెలలు నిండాయి, నొప్పులు ఇంకా మొదలు కాలేదు, ఉమ్మనీరు పోయింది. నీటితో పాటు రక్తం. ఆ రక్తం పిచ్చుకది కాదు, కడుపులో ఉన్న బిడ్డది. బిడ్డకు రక్తం మోసే సన్నని నాళం ఒకటి గర్భద్వారానికి అడ్డంగా పాకి ఉందనీ, నీటితిత్తి చిట్లినప్పుడే అదీ తెగిందనీ ఆస్పత్రిలో తర్వాత చెప్పారు. ముందే కనిపెట్టి ఉంటే నొప్పులు రాకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీసేవాళ్ళమనీ, బతికి ఉండేదనీ కూడా చెప్పారు. ఆ రెండో మాట చెప్పకపోయినా బాగుండేది.

ముందే కనిపెట్టవలసింది ఏడో నెల స్కానింగులో. ఆ స్కానింగు చేసిన డాక్టరు పిచ్చుకకు తోడబుట్టిన అన్న. ఇప్పుడు గది గడియ వేసుకుని కూర్చున్న మనిషి అతనే. అతని మీద ఫిర్యాదు రాసిచ్చింది పిచ్చుక మొగుడు. 'బావ కదా అని ఊరుకుంటే రేపు అద్దంలో నా మొహం నేను చూసుకోలేను' అని ఇంటికొచ్చి చెప్పి మరీ రాసిచ్చాడు.

"కంచే చేను మేసిందంటున్నారు అందరూ. కాదనడానికి నాకు నోరేది?" పెద్దావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇటు కొడుకు, అటు కూతురు. రేపు ఆ గదిలో ఒకళ్ళు తలొంచుకుని నిలబడితే ఇంకొకళ్ళు వేలెత్తి చూపించాలి. నేనెటు పక్క కుర్చీ వేసుకోను? చెప్పు."

కోడలు పెరటి వైపు నడిచింది.

పిచ్చుక గడప మీద మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుని ఉంది. చిన్నప్పుడు నిద్రలో తప్ప నోరు మూసేది కాదని అన్న పెట్టిన పేరు అది. 'మా ఇంట్లో చప్పుడు పుట్టించేది మా చెల్లెలు, చప్పుడు చంపేది మా ఆవిడ' అని పెళ్ళయిన కొత్తలో డాక్టరు ఎవరొచ్చినా చెప్పి నవ్వించేవాడు. కోడలి ఉద్యోగం అదే మరి. ఇప్పుడు ఆ చప్పుడు పుట్టించే మనిషి తొమ్మిది రోజుల్లో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

"పెందలాడే వచ్చేశావేం వదినా?"

"ఊరికే. తలనొప్పిగా ఉంది."

"అన్నయ్య తలుపు తీశాడా?"

"ఇంకా లేదు."

"తియ్యొద్దనే చెప్పు. నాకు తన మొహం చూడాలని లేదు. అలాగని లోపల ఏమన్నా చేసుకుంటాడేమోనని పొద్దుటి నుంచి ఆ కిటికీ వైపే చూస్తున్నాను. ఇదీ నేనే, అదీ నేనే. నాకేమైనా పిచ్చి పట్టిందా వదినా?"

కోడలు పక్కన కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఇప్పుడే చెప్పెయ్యాలనుకుంది. నోరు తెరిచింది.

"ఏమన్నా తిన్నావా?" అన్న మాటే బయటికి వచ్చింది.

"తిన్నాను."

తినలేదని ఇద్దరికీ తెలుసు.

సంచీలో ఉన్నది స్కానింగు చేసేటప్పుడు పొట్ట మీద ఆనించి జరిపే ప్రోబ్. సరిగ్గా చెప్పాలంటే సగం ప్రోబ్. పొద్దున తన చేత్తోనే రెండుగా కోసింది.

కోడలి అన్న వర్క్‌షాపులో తయారయ్యేవి అవే. ఎనిమిది మంది పనివాళ్ళు, రెండు గదులు, పరీక్ష చేయడానికి ఒక నీళ్ళ తొట్టి. ప్రోబ్ మొహాన ఉండే పలుచటి పలక, మనిషి చెవికి అందని చప్పుడును కడుపులోకి పంపుతుంది. కానీ ఆ పలకకు ముందూ వెనకా తేడా తెలియదు. వెనక్కి కూడా పంపుతుంది. అలా వెనక్కి పోయినదాన్ని మింగెయ్యడానికి పలక వీపున ఒక నల్లటి దిమ్మ ఉంటుంది. టంగ్‌స్టన్ లోహపు పొడి, రబ్బరు రజను, రెజిన్ అనే జిగురు పాళ్ళ ప్రకారం కలిపి, వాక్యూమ్‌లో బుడగలు లాగేసి, అచ్చులో పోసి, గట్టిపడ్డాక సానబట్టి, చప్పుడు చెదిరిపోవడానికి వెనక వైపున రంపపు పళ్ళలాగా గాట్లు పెట్టాలి. పదిహేనేళ్ళుగా అది కోడలి పని. పంతొమ్మిదేళ్ళప్పుడు అన్నే నేర్పాడు. 'వెనక్కి పోయింది వెనకే చావాలి అమ్మడూ. బతికి తిరిగొచ్చిందో, లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది' అనేవాడు.

విచారణ ఉందని ఆస్పత్రివాళ్ళు ఆ ప్రోబ్‌ను నిన్న వర్క్‌షాపుకు పంపారు. పరికరం సవ్యంగా ఉన్నట్టు ఒక కాగితం రాసివ్వమన్నారు. అన్న దాన్ని పెట్టెలోంచి తియ్యకుండానే కాగితం రాయడానికి కూర్చున్నాడు. కోడలు మాత్రం తొట్టిలో పెట్టి చూసింది. తొట్టి పక్కనున్న తెర మీద రాకూడని చోట చిన్న బొడిపె లేచింది. బయటికి తీసి, తుడిచి, రంపం కింద పెట్టింది.

అన్న పరుగెత్తుకొచ్చేసరికి ముక్కలు రెండూ బల్ల మీద ఉన్నాయి.

"ఎవరినడిగి కోశావే? ఆస్పత్రివాళ్ళ సొత్తు అది!"

"ఇటు చూడన్నయ్యా. దిమ్మ వేలి మందాన పొట్టిగా ఉంది. వెనక గాట్లు లేవు. నున్నగా ఉంది, అద్దంలాగా."

అన్న చూడలేదు. చూడవలసిన పని లేదు. ఎనిమిది నెలల కిందట గాట్లు కోసే మిషను పాడైంది. అదే సమయంలో కొత్త రకం పిడి వచ్చింది, పాత కొలత దిమ్మ అందులో పట్టదు. 'ఈ ఒక్క విడతకీ పొట్టిగా కానిచ్చెయ్, గాట్లు వద్దు' అన్నాడు. ఆ విడత పద్నాలుగు.

"ఆ రోజే అడిగాను నిన్ను," అంది కోడలు. "తెర మీద ఇదే బొడిపె. ఇదేమిటన్నయ్యా అన్నాను. ఏమన్నావో గుర్తుందా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఈగ వాలినంత లేదు, ఎవడి కంటికి ఆనుతుంది అన్నావు."

"నువ్వూ సరే అన్నావుగా!" అన్న గొంతు లేచింది. వెంటనే తలుపు వైపు చూసి తగ్గించాడు. "పరీక్ష పుస్తకంలో ఆ పద్నాలుగింటికీ ఎదురుగా సంతకం ఎవరిది? నాదా?"

కోడలు బల్ల అంచు పట్టుకుంది.

అన్న దగ్గరగా వచ్చాడు. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "నా మాట విను. మీ ఆయన తప్పు తనదే అంటున్నాడని విన్నాను. మహా అయితే కొన్నాళ్ళు మాన్పిస్తారు. చదువుకున్నవాడు, ఇంకోచోట చేరతాడు. ఇది బయటపడిందా, ఇక్కడ ఎనిమిది ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. నువ్వు చెప్పినంత మాత్రాన పోయిన బిడ్డ లేచొస్తుందా?"

"మిగతా పదమూడు?"

"అవి నేను చూసుకుంటాను. ఏదో వంక పెట్టి ఒక్కొక్కటీ వెనక్కి తెప్పిస్తాను. మెల్లగా."

"మెల్లగా అంటే?"

"ఒక ఏడాది పట్టనీ."

"ఏడాదిలో ఎన్ని కడుపులన్నయ్యా?"

బయట గదిలో ఎవరో పనివాడు ఈల వేసుకుంటూ పళ్ళేలు కడుగుతున్నాడు.

కోడలు ఒక ముక్క సంచీలో వేసుకుంది. బీరువా తెరిచి, సరుకు ఎక్కడెక్కడికి పంపారో రాసుకునే పుస్తకంలోంచి ఆ నెల పేజీ చింపుకుంది. అన్న అడ్డుపడతాడనుకుంది. పడలేదు. నాన్న పోయాక తనను వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి, గుమ్మం పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"వెళ్ళు. చెప్పుకో," అన్నాడు. "కానీ నోరు విప్పేముందు ఒక్కటి గుర్తుపెట్టుకో. నువ్వు పట్టించేది నన్ను కాదు. నిన్ను."

కోడలు పెరట్లోంచి లేచి వచ్చి గది తలుపు తట్టింది.

"నేనండీ. తలుపు తియ్యండి."

ఆ గొంతులో ఏం వినబడిందో, లోపల గడియ తీసిన చప్పుడైంది. పెద్దావిడ లేవబోయింది. కోడలు చేత్తో వారించి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. మంచం మీద, నేల మీద నలిపి పారేసిన కాగితాలు. డాక్టరుకు గడ్డం మాసింది. బల్ల మీద ఉన్న కాగితాన్ని చేత్తో మూసేశాడు, బడిపిల్లాడు పలక దాచుకున్నట్టు.

"చూపించండి."

"చూడ్డానికేముంది?"

చెయ్యి తొలగించి తనే చదివింది. నాలుగు వరుసలు. 'తప్పు పూర్తిగా నాది. పరికరంలో ఏ లోపమూ లేదు. ఏ శిక్షకైనా సిద్ధంగా ఉన్నాను.'

"పరికరంలో లోపం లేదని మీకెవరు చెప్పారు?"

కోడలు సంచీలోంచి ముక్క తీసి ఆ కాగితం మీదే పెట్టింది. కోసిన వైపు పైకి ఉంది. పిడి తెలుపు, లోపల బొగ్గులాగా దిమ్మ.

డాక్టరు చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు.

"పొట్టిగా ఉంది," అన్నాడు చివరికి.

అంతే అన్నాడు. అదిరిపడలేదు, ఇదేమిటని అడగలేదు.

"మీకు తెలుసా?"

"దిమ్మ సంగతి తెలీదు. గీత సంగతి తెలుసు."

"ఏ గీత?"

"తెర మీద వెలిసిపోయిన గీత ఒకటి వచ్చేది. ఎవరి కడుపు మీద పెట్టినా అదే లోతులో, అదే గీత."

"ఎప్పటి నుంచి?"

"పెట్టె విప్పిన రోజు నుంచి."

కోడలు మంచం మీద కూర్చుంది. కింద నలిగిన కాగితం చప్పుడు చేసింది.

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను?" డాక్టరు నవ్వడానికి ప్రయత్నించాడు, కుదరలేదు. "మా బావమరిది చేస్తాడు, లోపల దిమ్మ మా ఆవిడ పోస్తుంది, ఇంతకంటే మంచి సరుకు దొరకదు అని డప్పు కొట్టి కొనిపించింది నేను. వారం తిరక్కుండా పోయి ఇది పనికిరాదండీ అననా? నాలుగు రోజులు ఆగి మెల్లగా చెబుదామనుకున్నాను. నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. ఈలోగా కంటికి అలవాటైపోయింది."

"నాకు చెప్పొచ్చుగా. ఇంట్లోనే ఉన్నానుగా నేను! ఒక్క మంచం మీద పడుకుంటాం కదండీ మనం!"

"ఒకరోజు చెబుదామనే వచ్చాను. నువ్వు వేళ్ళకి మందు రాసుకుంటున్నావు. రెజిన్ పడి కాలింది. 'ఈ నెల పంపినవాటిలో ఒక్కటీ వెనక్కి రాలేదు తెలుసా' అన్నావు. ఎంత సంతోషంగా అన్నావో నీకు తెలీదు." అతను మొహం తిప్పుకున్నాడు. "నోరు రాలేదు."

కోడలికి ఆ రోజు గుర్తుంది. అతను వెనక నుంచి వచ్చి మందు డబ్బా మూత పెట్టి, ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాడు. ప్రేమ అనుకుంది.

"పిచ్చుకకి చేసిన రోజు ఏమైంది?" అడిగింది. అడగకుండా ఉంటే బాగుండునని అడుగుతూనే అనిపించింది.

"అదే లోతులో గీత వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే అనుకున్నాను." డాక్టరు రెండు చేతులూ బల్ల మీద బోర్లించాడు. "దాని మీద ఇంకొకటి ఉంది. నిజంది. నాళం. ప్రోబ్ కాస్త వాల్చి చూస్తే తెలిసిపోయేది. అబద్ధపు గీత ప్రోబ్‌తో పాటే వస్తుంది, నిజమైంది దాని చోట అది ఉంటుంది. తెర మీద రంగు వేసి చూసినా రక్తం పారడం కనబడేది. నేర్చుకునే పిల్లలకి రోజూ చెప్పేది నేనే. ఆ రోజు నేను వాల్చలేదు, రంగు వెయ్యలేదు. పిచ్చుక గలగలా మాట్లాడుతోంది. బిడ్డ పాదం చూపించన్నయ్యా అని ఒకటే గోల. పాదం చూపించాను. అంతా బాగుంది, లేచి పో అన్నాను."

వీధిలో ఎవరో పాత సామాన్లు కొంటామని అరుచుకుంటూ పోయాడు.

"మర్నాడే నాకు చెప్పి ఉంటే," అంది కోడలు, "తెల్లారేసరికి వెనక్కి తెప్పించేదాన్ని."

"మీ అన్నయ్య ఒప్పుకునేవాడా?"

కోడలు మంచం మీది నలిగిన కాగితాన్ని వేళ్ళతో సాఫు చేసింది.

"సరే, నీ మాటే చెప్పు. అక్కడ తొట్టిలో పెట్టినప్పుడు కనబడే ఉంటుందిగా. నువ్వు నాకు చెప్పావా?"

ఆమె తల వంచుకుంది. ఈ ప్రశ్న వస్తుందని ఇంటికొచ్చే దారి పొడుగునా తెలుసు. తెలిసినా కాచుకోలేకపోయింది.

డాక్టరు ముక్కను కాగితం మీద నుంచి తీసి పక్కన పెట్టాడు. కాగితం సరిచేశాడు. "దీన్ని ఎవరూ నమ్మరు. కోసింది నువ్వు. నా పెళ్ళానివి. మొగుణ్ణి కాపాడుకోవడానికి పరికరం పాడు చేసిందంటారు. మనిద్దరం మునగడం ఎందుకు? నేనెలాగూ మునిగాను. దీన్ని తీసుకెళ్ళి ఎక్కడైనా పడెయ్. రేపు సంతకం పెట్టి ఇచ్చేస్తాను, అయిపోతుంది."

"అయిపోదు. ఇంకా పదమూడు ఉన్నాయి."

కాగితం మీద అతని చెయ్యి ఆగిపోయింది.

"ఏం పదమూడు?"

"ఆ విడతలో పోసినవి పద్నాలుగు. మీకొచ్చింది ఒకటి."

"ఒక్కటే అనుకున్నాను." డాక్టరు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఎక్కడో ఒక్కటి తేడాగా వచ్చి ఉంటుందిలే అనుకున్నాను నేను. పదమూడా? వాటితో ఇప్పుడు చేస్తున్నారా?"

"చేస్తున్నారు."

దగ్గరికి వేసిన తలుపు మెల్లగా తెరుచుకుంది.

పిచ్చుక ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. వెనక పెద్దావిడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఎంతసేపటి నుంచి ఉన్నారో, ఎంత విన్నారో అడగనక్కరలేదు. పిచ్చుక మొహంలో అంతా ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత అన్న ఉన్న గదిలో అడుగుపెట్టింది. అతని వైపు చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి ముక్కను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో నల్లటి భాగాన్ని తడిమింది.

"ఇదేనా వదినా?"

"ఇదే."

"నువ్వు చేసిందేనా?"

"నేను చేసిందే."

పిచ్చుక ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ముక్కను ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టింది.

పెద్దావిడ గబగబా లోపలికి వచ్చి తలుపు మూసింది. "ముగ్గురూ నోళ్ళు మూసుకోండర్రా. ఈ మాట ఈ గది దాటకూడదు. వాడొక్కడు తప్పు ఒప్పుకుంటే ఉద్యోగంతో పోతుంది. ఇదంతా బయటికి లాగారంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోతారు. ఇంక నాకు మిగిలేదెవరు?"

"నాకు మిగిలిందెవరమ్మా?" అంది పిచ్చుక.

పెద్దావిడ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"వదినా, ఆ పదమూడూ ఎక్కడున్నాయో నీకు తెలుసా?"

కోడలు సంచీలోంచి చింపిన పేజీ తీసింది. ఆస్పత్రుల పేర్లు, వాటి పక్కన ఫోన్ నెంబర్లు. తన పక్కింటావిడకు తెలిసిన చోటు ఒకటి, బస్సులో రోజూ దాటి వెళ్ళే చోటు ఒకటి. మిగతావి ఎన్నడూ చూడని ఊళ్ళు.

"ఇప్పుడు టైమెంత?"

"మూడున్నర," అన్నాడు డాక్టరు.

"ఈ వేళప్పుడు స్కానింగులు చేస్తారా?"

"చేస్తారు. మధ్యాహ్నాలే ఎక్కువ."

"అయితే కూర్చున్నారేం?"

ఎవరూ కదల్లేదు. కోడలు ఆమె చెయ్యి పట్టుకోబోయింది. పిచ్చుక వెనక్కి లాక్కుంది, విసురుగా కాదు, వేడి గిన్నె నుంచి తీసేసుకున్నట్టు.

"నిన్ను ఏదో క్షమించేశాననుకోకు వదినా. అన్నయ్యనీ అంతే. అది నా వల్ల అవుతుందో లేదో నాకే తెలీదు. ముందు ఫోన్ చెయ్."

"వద్దే తల్లీ," పెద్దావిడ గొణిగింది. "నీ మొగుడికి తెలిస్తే..."

"తెలియనీ."

డాక్టరు తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది కోడలు. పేజీలో మొదటి నెంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఎవరూ ఎత్తలేదు. రెండోది నొక్కేటప్పుడు వేలు రెండుసార్లు తప్పింది.

"నమస్కారం, చెప్పండి," అంది ఒక ఆడగొంతు. వెనక మనుషుల సందడి, టోకెన్ల పిలుపులు.

"మీ స్కానింగు గదిలో ఒక ప్రోబ్ ఉందండీ. తెల్ల పిడిది, ఎనిమిది నెలల కిందట వచ్చింది. దాన్ని వెంటనే ఆపెయ్యాలి."

"అపాయింట్‌మెంటు కావాలా అండీ?"

"కాదమ్మా. ఆ పరికరంలో లోపముంది. దాంతో చూస్తే ఉన్నవి కనబడకపోవచ్చు. డాక్టరుగారికి చెప్పండి, ఇప్పుడే."

"మీరెవరండీ మాట్లాడేది?"

కోడలు పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక గోడ వైపు చూస్తోంది.

"దాని లోపల దిమ్మ పోసినదాన్ని," అంది కోడలు. "సరిగా పొయ్యలేదు. తప్పు నాది."

"నాకర్థం కావడం లేదండీ. డాక్టరుగారు పేషెంటుతో ఉన్నారు. లైన్లో ఉండండి, కనుక్కుంటాను."

ఫోన్‌ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చెప్పుల అడుగులు దూరమయ్యాయి. మధ్యలో ఎవరో పిలిచినట్టున్నారు, అడుగులు అక్కడే ఆగాయి. ఏదో కాగితం గురించి మాటలు. తర్వాత అవీ వినబడలేదు.

నలుగురూ ఆ ఫోన్ చుట్టూ నిలబడి ఉన్నారు. ఎక్కడో ఒక తలుపు ఓరగా తెరిచి ఉన్నట్టుంది. దాని సందులోంచి ఇంకో గొంతు, అలవాటైన మెత్తని గొంతు, సన్నగా వచ్చింది.

"కాస్త చల్లగా తగులుతుందమ్మా. కదలకుండా పడుకోండి."

ఎవరో చిన్నగా నవ్వారు. వయసులో ఉన్న నవ్వు.

"వినండీ! ఎవరండీ అక్కడ? ఆపండి!" కోడలు ఫోన్ మీదికి వంగి అరిచింది.

బల్ల దగ్గర ఎవరూ లేరు. ఆమె మళ్ళీ అరిచింది.